శనివారం ఆరే పొయ్యి

శనివారం పగటి అన్నం అయినంక మా హాస్టల్ల పొయ్యి ఆరిపోయేది. మళ్లా అంటుకునేది సోమవారం పొద్దున. శనివారం రాత్రి, ఆదివారం మూడు పూటలు. అంటే నాలుగు పూటలు. రిజిస్టర్ల మాత్రం అరవై నాలుగు మందిమి హాజరు. నాలుగును అరవై నాలుగుతోని గుణిస్తే 256 పూటల తిండి. వారం వారం గది ఎటు పోతున్నదో అందరికీ ఎరుకే. వంట మనిషికి ఎరుకే, బియ్యం మూటలు మోసే రిక్షా ఆయనకు ఎరుకే, మాకూ ఎరుకే. ఎవరూ అనేటోళ్లు కాదు.

వార్డెన్ సారు మాటలు మాత్రం తీపిగ ఉండేటివి. "పిల్లలు అవ్వయ్యల మీద రంది పెట్టుకుంటరు. అందుకే వారానికోసారి ఇంటికి పంపిస్తున్న" అనేటోడు. ఇప్పుడు హైదరాబాదు చుట్టూ పెద్ద పెద్ద స్కూళ్లు 'వీక్లీ బోర్డింగ్' అని బోర్డులు పెట్టుకున్నయి. పిల్లలు ఐదు రోజులు బడిల, రెండు రోజులు తల్లిదండ్రుల దగ్గర. దానికి లక్షలు కడుతున్నరు. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తది. తాండూరుల మేము 1985లనే వీక్లీ బోర్డింగ్ చదివినోళ్లం.

మాది కాగ్నా అవతల, యాలాల దిక్కు ఒక ఊరు. పేరు రాయను. రాస్తే ఊరోళ్లు ఇది ఫలానా పటేలు సంగతే అని పంచాయితి పెడతరు. అసుంటి పటేళ్లు ఆ దిక్కు ఊరికొకరు ఉండిరి. ఊరికి తూర్పున మా మాదిగవాడ. ఇరవై రెండు గుడిసెలు. మా నాయిన బండల గనిల పనిచేసేటోడు. తాండూరు నాపరాయి అంటే దేశమంతా ఎరుక. నీలం బండ, పసుపు బండ అని ఇండ్లల్ల పరుచుకుంటరు. ఆ బండ పొరలు పొరలుగ ఉంటది. పైన మట్టి తీసి, పొరల సందున ఉలి పెట్టి సుత్తెతోని కొట్టి, గడ్డపారతోని లేపుతరు. లేపేటప్పుడు పగిలితే ఆ బండకు కూలి లేదు. ఇరవై ఏండ్లు బండలు లేపినోని ఇంట్ల ఒక్క బండ లేకుండె. మా గుడిసెల మట్టి నేలనే, అవ్వ పేడతోని అలికేది.

నాయినకు దగ్గు మొదలైంది. మొదట బండల దుమ్ము అన్నరు, తర్వాత టీబీ అన్నరు. వికారాబాదు పక్కన అనంతగిరి గుట్టల మీద టీబీ దవాఖాన ఉంది. చెట్ల గాలి మంచిదని నైజాం దిక్కు రోగులంతా అక్కడికే పోయేటోళ్లు. నాయిన అక్కడ మూడు నెలలు పడి ఉన్నడు. మందు ఉత్తగనే ఇచ్చిండ్రు. కని కూలోడు మూడు నెలలు పండుకుంటే ఇంట్ల ఎవరు తినాలె, ఏం తినాలె? రైలు కిరాయలకు, గుడ్లకు, పాలకు, మా కడుపులకు కలిపి అవ్వ పటేలు దగ్గర పన్నెండు వందలు తెచ్చింది. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. 1983 ఉగాదికి మా అన్నను ఆ బాకీ కింద జీతం పెట్టిండ్రు. అన్నకు అప్పుడు పద్నాలుగేండ్లు. ఏడాదికి ఏడు వందలు, ఒక గొంగడి. మిగిలినోళ్ల జీతగాండ్లకు చెప్పులు కూడ ఇచ్చేటోళ్లు. మా అన్నకు ఇయ్యలే. "మాదిగోనికి నేను చెప్పులిచ్చుడేందిరా, మీరే కుట్టుకుంటరు గద" అన్నడట పటేలు. నాయిన ఆ ఏడు వానకాలం దాటలే.

చదువుకున్న పిల్లలు అడగొచ్చు, వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లనే వచ్చింది గద అని. వచ్చింది. ఆ చట్టం పట్టుకొని పల్లెపల్లె తిరిగిన శంకరన్ లాంటి కలెక్టర్లు, సెక్రటరీలు కూడ ఈ రాష్ట్రంలనే ఉండిరి. 1984ల ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీలనే తీసేసింది. మా ఊళ్ల పటేలు మాత్రం పటేలే. కచేరీల కాయితం మారింది, ఊళ్ల గొంతు మారలే.

నేను ఊరిబడిల ఏడో తరగతి పాసైన. ఎనిమిదికి తాండూరు పోవాలె. ఊరిబడి సారు మా అవ్వను పిలిచి, "ఎస్సీ హాస్టల్ల సీటుంది, బువ్వ పెడతరు, పుస్తకాలిస్తరు, ఒక్క పైస పెట్టే పని లేదు" అన్నడు. అవ్వకు చదువు మాట కన్నా బువ్వ మాట బాగ వినబడ్డది. ఒక నోరు తగ్గుతది. కులం సర్టిఫికెట్ కోసం మూడు సార్లు తిరిగినం. ఆ తిరుగుడు కిరాయలకు అవ్వ కాళ్ల వెండి కడియాలు ఒకటి పోయింది. రెండోది చానా ఏండ్లు ఒక్క కాలికే ఉండె. "కుంటి గుర్రం లెక్క ఉన్న" అని తనే నవ్వేది.

1985 జూన్ల చేరిన. జులైల కారంచేడు అయింది. హాస్టల్ల పదో తరగతి పిల్లలు పేపరు తెచ్చి బిగ్గరగ చదివిండ్రు. ఆరుగురు మాదిగలను వెంటాడి చంపిండ్రని. ఆ రాత్రి ఎవరూ మాట్లాడలే. నాకు ఆ ఊరు ఏ దిక్కుందో ఎరుక లేదు. మా ఊరసుంటిదే అనుకున్న.

హాస్టల్ల మాకు సొంత పేర్లు ఉండకపోయేటివి. ఊళ్ల పేర్లే. ధారూరు, పెద్దేముల్, కోట్‌పల్లి అని పిలుచుకునేటోళ్లం. నన్ను 'కాగ్నా' అనేటోళ్లు. అది ఎస్సీ హాస్టల్. ఊళ్ల నుంచి వెలేసిన పిల్లలమంతా ఒక్క కప్పు కింద ఉన్నం. అయినా తినేటప్పుడు మాల పిల్లలు ఒక వరుస, మాదిగ పిల్లలు ఒక వరుస. ఎవరూ కూసోమనలే, అట్లనే కూసున్నరు. నీళ్ల కుండ ఒక్కటే, చెంబులు రెండు. 1994ల ఈదుమూడిల దండోర మొదలైనప్పుడు చానా మంది దోస్తులు "ఇదెక్కడి చీలికరా" అని బాధపడ్డరు. నాకు ఆ రెండు చెంబులు యాదికొచ్చినయి. 2024 ఆగస్టుల సుప్రీంకోర్టు వర్గీకరణ చేయొచ్చని తీర్పు ఇచ్చిన రోజు కూడ అవే యాదికొచ్చినయి. చెంబులు ముందుగాల వచ్చినయి, మాటలు తర్వాత వచ్చినయి.

ఇగ శనివారం సంగతి.

పగటి బువ్వ తిని అందరూ సంచులు సర్దుకునేటోళ్లు. బస్సుకు పైసలున్నోళ్లు బస్సుకు, రైలు దిక్కోళ్లు టికెట్టు లేకుండ రైలుకు. నేను నడక. పాలిష్ మిషన్ల పక్కపొంటి, తెల్లటి బురద నీళ్లు పారే బాట మీద. ఆ మిషన్ల బండను రుద్దుతుంటే వచ్చే నీళ్లు పాల లెక్క ఉండేటివి, ఎండితే పిండి లెక్క లేచేది. కాగ్నా దాటితే కందిచేలు. పన్నెండు కిలోమీటర్లు. మూడు గంటల్ల పోవచ్చు. కని నేను మూడు గంటల్ల పోకపోదు. ఊరికి ఇవతల ఈతచెట్ల కాడ కూసొని చీకటి పడేదాక ఆగేటోణ్ణి.

ఎందుకంటే పటేలు. "రెండు రోజులు ఇంటికాడనే ఉంటడు గద, వాణ్ణి గూడ పంపు, గొడ్ల కాడ అక్కరకొస్తడు" అని మా అవ్వను మొదటి నెలలనే అడిగిండు. అడుగుడంటే అడుగుడు కాదు. అవ్వ "వాడు ఇంటికి రాడు పటేలా, అక్కడనే ఉంటడు" అని చెప్పింది. ఆ ఒక్క అబద్ధం కోసం నేను ఏడాది పొడుగూత నా ఇంటికి నేను దొంగ లెక్క పోయిన. చీకటి పడినంక మా చెల్లె వచ్చేది. దానికి పదేండ్లు. మేకపిల్లను వెతికినట్టు "బుర్ర్ బుర్ర్" అనుకుంట వచ్చేది. అంటే బాట సాఫ్ ఉన్నది, రా అని. ఒట్టిగ చెట్ల దాక వచ్చి మళ్లిపోతే వాడల పటేలు మనిషి ఉన్నడని.

ఆదివారం పొద్దంత నేను గుడిసె లోపల. కిటికీ లేని గుడిసె. తలుపు దగ్గరికేసి ఉంటది. బయట నా ఈడు పిల్లలు గిల్లీదండ ఆడే సప్పుడు వినుకుంట ఉండేటోణ్ణి. తలుపు సందుల నుంచి వచ్చే ఎండపట్టెల పుస్తకం పెట్టుకొని చదివేటోణ్ణి. పట్టె జరిగితే నేనూ జరిగేటోణ్ణి. అవ్వ పొయ్యి కాడ జొన్నరొట్టెలు కొడుతుంటే ఆ సప్పుడుకే కడుపు సగం నిండేది. పుంటికూర, ఎల్లిపాయ కారం, ఎప్పుడన్న కందిపప్పు. తాండూరు కందిపప్పుకు 2022ల జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్ల చదివి సంతోషపడ్డ. ఆ కంది కోసినోళ్లం మేము. పప్పు పండుగకే తిన్నం.

అవ్వ నాతోని ఎక్కువ మాట్లాడకపోయేది. తల దువ్వేది, పేలు చూసేది. అరచేతులు పట్టుకొని చూసేది. నా చేతులు మెత్తబడుతున్నయా లేదా అని. మెత్తబడితే చదువు ఎక్కుతున్నట్టు లెక్క.

అన్న రాత్రి గొడ్లను కట్టేసి, పటేలు ఇంట్ల మిగిలిన సంకటి తిని వచ్చేటోడు. దీపం చిన్నగ చేసి నా ముందల కూసునేటోడు. "ఈ వారం ఏం చెప్పిండ్రు తమ్మీ?" అనేటోడు. నేను భూగోళం చెప్పినా వినేటోడు, ఇంగ్లీషు పద్యం చెప్పినా వినేటోడు. అన్న మూడో తరగతి దాక చదివిండు. కూడికలు, తీసివేతలు వచ్చు. ఆ ఏడు లెక్కల్ల మాకు వడ్డీ లెక్కలు చెప్పిండ్రు. అసలు, వడ్డీ, కాలం. నేను నోటుబుక్కు తీసి చెబుతుంటే అన్న నన్ను ఆపిండు.

"మన బాకీ గిట్ల చేయొస్తదా?"

1986 ఉగాది ముందటి ఆదివారం అది. ఒక కాయితం మీద నేను రాసిన. పన్నెండు వందలు. ఏడాదికి మిత్తి నాలుగు వందల ముప్పై రెండు. మొత్తంల నుంచి అన్న జీతం ఏడు వందలు తీసేస్తే తొమ్మిది వందల ముప్పై రెండు. రెండో ఏడు దాని మీద మిత్తి కలిపి, ఏడు వందలు తీసేస్తే ఐదు వందల అరవై ఎనిమిది. మూడో ఏడు అట్లనే చేస్తే మిగిలింది డెబ్బై రెండు రూపాయలు. నేను మూడుసార్లు చేసిన. మూడుసార్లూ డెబ్బై రెండే.

అన్న ఆ కాయితం తీసుకొని దీపం కాడ పెట్టి చానాసేపు చూసిండు. "నూటికి మూడు మిత్తి ఏసినా గింతేనా" అన్నడు. అవ్వ "ఆ కాయితం పొయ్యిల పెట్టురా కొడకా" అన్నది. అన్న పెట్టలే. మడిచి మొలతాడు కాడ దోపుకున్నడు.

ఉగాది నాడు జీతగాండ్ల లెక్కలు చూసుకుంటరు. పటేలు తన పుస్తకం తీసి, నాగాలు, నాగాకు రెండు రోజుల కోత, జరమొచ్చి పండుకున్న రోజుల తిండి, చచ్చిన దూడ ఖరీదు అన్నీ కలిపి పదిహేను వందలు బాకీ అన్నడు. మూడేండ్లు పనిచేస్తే పన్నెండు వందలు పదిహేను వందలయింది. అన్న మొలకాడి కాయితం తీసి ముందల పెట్టిండు. పటేలు కాయితాన్ని చూడలే, రాతను చూసిండు.

"ఎవడు రాసిండురా ఇది?"

పోస్టుమాను రాసిండని అన్న అన్నడట. పటేలుకు చదువు లేకపోలేదు. నోటుబుక్కు గీతల కాయితం, పిల్లగాని రాత. చెంప మీద రెండు కొట్టి, ఆ సాయంత్రమే మా గుడిసె కాడికి వచ్చిండు. నేను అప్పటికి తాండూరు పోయిన. "చిన్నోడు వస్తున్నడని నాకెరుకే. వచ్చే ఆదివారం నుంచి నా దొడ్లె ఉండాలె. లెక్కలొచ్చినోడు గద, గొడ్లను లెక్కపెడతడు" అన్నడట. అవ్వ కాళ్ల మీద పడ్డది. "నీ బాంచెన్ పటేలా" అన్నది. చెల్లె చూసి నాకు చెప్పిన మాటలు ఇవి. అవ్వ ఎన్నడూ చెప్పలే.

అన్న రాత్రికి రాత్రి నడిచి హాస్టలుకు వచ్చిండు. గోడ అవతల నుంచి "కాగ్నా" అని పిలిచిండు. నా హాస్టల్ పేరు అన్నకు ఎట్ల ఎరుకనో. "ఇగ ఇంటికి రాకు. పరీక్షలైతె మామ దగ్గరికి పో. బడి తెరిచినంక ఇక్కడనే ఉండు. నేను పోతే వాడు నిన్ను పట్టుకపోతడు. నువ్వు వస్తే ఇద్దరినీ పట్టుకుంటడు" అన్నడు. చెంప వాచి ఉండె. తెల్లారేలోపల పన్నెండు కిలోమీటర్లు మళ్లా నడిచి గొడ్ల కాడికి పోయిండు.

ఎండకాలం సేడం అవతల మా మామ ఊళ్ల ఉన్న. జూన్ల తొమ్మిదో తరగతి. ఇగ అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఇంటికి పోరాదు. హాస్టల్ల పొయ్యి వెలగదు. శనివారం పగటికి తిన్నది సోమవారం దాక ఆగాలె. మొదటి ఆదివారం నీళ్లు తాగి పండుకున్న. రెండో ఆదివారం రైల్వే స్టేషన్ కాడ బండలు వ్యాగన్లకు ఎక్కిస్తుంటే పోయి అడిగిన, పిల్లగాడివి పో అన్నరు. మూడో వారం ఇంకో పిల్లగాడు కనబడ్డడు, గదిల దాక్కొని ఉన్నడు. సవతితల్లి బువ్వ పెట్టదని ఇంటికి పోలే. ఇంకో వారం చూస్తే మేము ఏడుగురం. ఒక్కొక్కనికి ఒక్కొక్క పటేలు.

అవ్వకు ఎట్లనో తెలిసింది. కట్టెలమోపులు అమ్మవచ్చే ఆడోళ్లతోని ఆదివారం రొట్టెలు పంపుడు సురువు చేసింది. పదకొండు రొట్టెలు, ఒక గుడ్డల కారం. అవి ఏడుగురం పంచుకోవాలె. మాల పిల్లలు ముగ్గురు, మాదిగలం నలుగురం. నేను గుడ్డ విప్పి నడుమ పెట్టిన. ఎవరూ చెయ్యి పెట్టలే. ధారూరు పదో తరగతి, అందరికన్నా పెద్దోడు, వాళ్ల నాయిన రైల్వేల గ్యాంగ్‌మన్. అతను కొంతసేపు రొట్టెలను చూసి, ఒకటి తీసుకొని తుంచి, "ఉప్పు సరిపోయింది" అన్నడు. అంతే. రెండో మాల పిల్లగాడు తిన్నడు. మూడోవాడు తినలే. ఆ వారం తినలే, ఆ తర్వాత కూడ తినలే. ఆకలితోని కడుపు పట్టుకొని గోడకు తిరిగి పండుకున్నడు. వాని మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. వాళ్లవ్వ పెట్టిన ఒట్టు వాడు మోసిండు. కని ఆ వీపు నాకు కండ్ల ముందరనే ఉంటది.

అర్జీ రాసుడు ధారూరు ఆలోచన. వాళ్ల నాయినకు రైల్వే యూనియన్ల అర్జీలు రాసుడు అలవాటు. "శ్రీయుత రంగారెడ్డి జిల్లా కలెక్టరు గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టిండు. అప్పుడు జిల్లా కచేరీ హైదరాబాదులనే ఉండె. లెక్క నేను రాసిన. 256 పూటలు వారానికి, బడి నడిచే నలభై వారాలకు 10,240 పూటలు. సంతకాలకు తిరిగితే అరవై నాలుగు మందిల పదకొండు మంది పెట్టిండ్రు. కడమ వాళ్లు పేరు కొట్టేస్తరని భయపడ్డరు. భయం తప్పు కాదు. ఆ హాస్టల్ బువ్వ తప్ప వేరే బువ్వ లేనోళ్లు. రిజిస్టరు పోస్టు పైసలు ధారూరు పెట్టిండు.

రెండు నెలలు ఏం కాలే. 1987 సంక్రాంతి సెలవులైనంక ఒక ఆదివారం పదిగంటలకు ఒక జీపు వచ్చింది. దిగినాయన మంచినీళ్లు అడిగిండు. మేము ఇచ్చినం. వంటగది చూపియ్యిమన్నడు. తాళం. పొయ్యిల చెయ్యి పెట్టి బూడిద చూసిండు. సల్లగ ఉంది. వార్డెన్ గది కిటికీల నుంచి రిజిస్టరు కనబడుతున్నది. మనిషిని పంపి తెరిపించి చూస్తే ఆ ఆదివారం రాత్రి హాజరు కూడ పొద్దుగాలనే ఏసి ఉంది. అరవై నాలుగు. గదిల ఉన్నది తొమ్మిది మందిమి. ఆయన మమ్ముల ఒక్కొక్కరిని "నిన్న రాత్రి ఏం తిన్నవ్?" అని అడిగిండు. ఇంకేం అడగలే.

ఆ తర్వాతి ఆదివారం పొయ్యి వెలిగింది. పులుసు, బువ్వ. వార్డెన్ సారు ఇంకో తాలూకాల ఇంకో హాస్టలుకు బదిలీ అయి పోయిండు. అక్కడి పిల్లలు శనివారం ఇంటికి పోతున్నరో లేదో నేను అడగలే. ఇప్పుడనిపిస్తది, అడగాల్సి ఉండె అని.

పొయ్యి వెలిగిన కబురు కట్టెలమోపుల ఆడోళ్లతోని ఊరికి పోయింది. పదిహేను రోజులకు అన్న మళ్లా గోడ కాడికి వచ్చిండు. ఈసారి చేతిల గొంగడి. "ఆదివారం బువ్వ పెడుతున్నరా నిజంగ?" అన్నడు. పెడుతున్నరన్న. "ఇంటికి పోకున్నా బతుకుతవు గద?" బతుకుతనన్న. అప్పుడు తెలిసింది నాకు, తొమ్మిది నెలలు అన్న దేనికోసం ఆగిండో. నేను ఇంటికి పోక తప్పని దినం ఒకటి వస్తదని, ఆ దినం పటేలు దొడ్లె నేను పడకుండ తను అక్కడ ఉండాలని ఆగిండు. గొంగడి నాకు కప్పి, తెల్లారగట్ల బొంబాయి దిక్కు పోయే రైలుకు టికెట్టు లేకుండ ఎక్కిండు. 1874ల నైజాం రైలు పట్టాలు వాడి దాక ఎందుకు ఏసిండో నాకు తెల్వదు. మా అసుంటోళ్లకు మాత్రం పారిపోనీకి అక్కరకొచ్చింది.

పోయే ముందు అవ్వ చేతిల డెబ్బై రెండు రూపాయలు పెట్టిండట. మేకను అమ్మిన పైసలు. "లెక్క తెగాలె. ఇచ్చిరా" అన్నడట. అవ్వ పోయి పటేలు అరుగు మీద పెట్టింది. పటేలు తీసుకున్నడు, తిట్టిండు, ఇంకా పదిహేను వందలున్నయని అన్నడు. నా లెక్కల ఆ తొమ్మిది నెలల కూలి పటేలే మాకు బాకీ. ఇప్పటికీ బాకీనే.

ఆ ఏడు పటేలు పొలంల అవ్వకు కూలి బందయింది. వేరేవాళ్లు గూడ పిలవలే. అవ్వ, చెల్లె బండల గనికి పోయిండ్రు, మట్టి మోయనీకి. నాయిన పోయిన గనికే. నెలకు రెండు సార్లు అవ్వ ఆదివారం తాండూరు నడిచి వచ్చేది. హాస్టల్ లోపలికి రాకపోయేది. ఎదురుంగ యాపచెట్టు కింద కూసునేది. నేను నా పళ్లెంల బువ్వ తెచ్చి పెడితే తినకపోయేది. "ఇది సర్కారు మీ కోసం పెట్టింది. దీని కోసం మీరు ఎంత కొట్లాడితిరి" అని ముట్టకపోయేది. ఒకసారి మాత్రం అడిగింది: "ఆదివారం బువ్వ లేనప్పుడే నయం ఉండె గద బిడ్డా. కండ్ల ముందల ఉండేటోనివి." నేను జవాబు చెప్పలే. ఏం చెప్పాలె?

చెల్లె సంగతి ఎందుకు రాయలేదని ఆడపిల్లలు అడుగుతరు. అడగాలె కూడ. బాట సాఫ్ ఉన్నదని నాకు చెప్పినామెకు బడి బాట ఎవరూ చెప్పలే. పద్నాలుగేండ్లకు పెండ్లి చేసినం. చేసినం అంటే నేను కూడ ఉన్న. 1988ల నేను పది పాసైన ఏడాది తర్వాతనే. మొన్న ఈ వ్యాసం రాస్తున్న అని ఫోన్ల చెబితే, "రాయి అన్నా. నాకు శనివారం లేకుండె, సోమవారం లేకుండె అని గూడ రాయి" అన్నది. రాసిన.

1991ల శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు శంకర్‌పల్లి దిక్కు జీతం ఉన్న పిల్లలను విడిపించి క్యాంపుల్ల పెట్టి చదివిస్తున్నరని తెలిసినప్పుడు నేను టీచర్ ట్రైనింగుల ఉన్న. అది కూడ మా రంగారెడ్డి జిల్లానే. అన్న అప్పటికి ఇరవై రెండేండ్లోడు, బొంబాయిల సిమెంటు మోస్తున్నడు. ఎనిమిదేండ్లు ఆలస్యం. ఎవరి మీద చెప్పుకోవాలె? పెత్తందారుకు ఆలస్యం లేదు, అప్పుకు ఆలస్యం లేదు. మాకు రావలసినవన్నీ ఆలస్యమే.

అన్న 1996ల తిరిగొచ్చిండు. ఊరికి పోలే, తాండూరుల పాలిష్ మిషన్ మీద చేరిండు. నా టీచర్ నౌకరి మొదటి జీతంల నుంచి దాచిన పైసలు ఇస్తే తీసుకోలే. "ఏం లెక్క ఇది? అసలెంత, మిత్తెంత?" అని నవ్విండు. ఇప్పుడు యాభై ఆరేండ్లు. నాయిన దగ్గినట్టే దగ్గుతడు. టీబీ లేదన్నరు, దుమ్మే అన్నరు.

అన్న మనుమరాలు ఇప్పుడు సాంఘిక సంక్షేమ గురుకులంల ఎనిమిదో తరగతి. వారం వారం ఇంటికి రాదు, పండుగలకే వస్తది. 2024ల సర్కారు ఎనిమిది నుంచి పది దాక పిల్లల తిండి ఛార్జీలు నెలకు 1100 నుంచి 1540 చేసింది. దినానికి యాభై ఒక్క రూపాయి. హైదరాబాదుల ఒక పూట భోజనం ఆ పైసలకు రాదు. అయినా ఆ పెంచుడు కోసం గూడ ఎన్నో ఏండ్లు పిల్లలు రోడ్ల మీద కూసోవలసి వచ్చింది.

పిల్లతోని ఫోన్ల మాట్లాడే రోజు అన్న పొద్దుగాల్నే స్నానం చేసి కూసుంటడు. ఇంటోళ్లంతా చదువు గురించి, మార్కుల గురించి, ఒంట్ల బాగుందా అని అడుగుతరు. ఆఖరుకు ఫోన్ అన్న చేతికొస్తది. అన్న ఎప్పుడూ ఒక్కటే అడుగుతడు.

"ఆదివారం ఏం పెట్టిండ్రు బిడ్డా?"

పిల్ల విసుక్కుంటది. "కోడికూర పెట్టిండ్రు తాతా. ప్రతిసారి గదే అడుగుతవు."

"రాత్రికి?"